గోల్డ్ స్పాట్... రీ-రిలీజ్ ఎప్పుడు?

ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే హాల్లో లైట్లు వెలిగేవి. ఆ వెంటనే నేల క్లాసు గేటు దగ్గర్నుంచి ఓ చప్పుడు... 'కర్‌ర్‌ర్‌ర్'! కూల్ డ్రింకుల కేసు భుజాన పెట్టుకున్న కుర్రాడొకడు చేతిలోని ఓపెనర్‌ని సీసాల మెడల మీదుగా ఒక్క గీత గీసేవాడు. బాల్కనీలో పెద్దమనుషులు కూడా తల తిప్పి చూడాల్సిందే! హీరో ఎంట్రీకి కూడా అంత మర్యాద దక్కేది కాదేమో.

ఆ కుర్రాడు మరెవరో కాదు, నేనే.

జనగామలో మా చిన్నబాపుకి సినిమా హాల్లో కూల్ డ్రింకుల స్టాలుండేది. 1984 ఎండాకాలం సెలవుల్లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, మొదటిసారి కేసు మోశాను. పొద్దున్నే ఐసు గడ్డ వచ్చేది. దాన్ని ఊకలో పొదిగి, గోనెసంచి కప్పి, మాట్నీ వేళకి పగలగొట్టి తొట్టిలో వేసేవాళ్ళం. కేసుకి 24 సీసాలు. అమ్మడం ఒక ఎత్తు, ఖాళీ సీసాలు తిరిగి ఏరుకు రావడం ఇంకో ఎత్తు! సీసా డిపాజిట్టు మాది కాబట్టి ఒక్కటి పోయినా ఆ ఆట లాభం గల్లంతే. అందుకే ఆ రోజుల్లో వచ్చిన సినిమాల్లో ఇంటర్వెల్ తర్వాత మొదటి పది నిమిషాలు నాకిప్పటికీ తెలియవు. అప్పుడు నేను కుర్చీల కింద ఉండేవాణ్ణి!

నా జీతం రోజుకి ఒక గోల్డ్ స్పాట్. చిన్నమ్మ సెకండ్ షో అయ్యాక మూత తీసి చేతికిచ్చేది. తను మాత్రం తాగేది కాదు. "లెక్క సీసాలు కొడుకా" అనేది. ఏడాదికి ఒక్కసారి, సద్దుల బతుకమ్మ నాడు, చిన్నబాపు తన చేత్తో ఒకటి తీసి ఇస్తే కొంగు చాటున సగం తాగి, మిగతా సగం నాకిచ్చేది.

మా తొట్టిలో అప్పుడు పెద్ద తారాగణమే ఉండేది. థమ్సప్ యాంగ్రీ యంగ్‌మన్. లిమ్కా పక్కింటి అమ్మాయి. గోల్డ్ స్పాట్ మాత్రం గ్లామర్ హీరోయిన్! నారింజ రంగు, ఘాటు తగ్గిన తీపి, తాగాక పెదాల మీద అంటుకునే రంగు. పార్లే వాళ్ళు 1950ల మొదట్లో తెచ్చిన పానీయమది. మూత లోపల 'జంగిల్ బుక్' బొమ్మలు వచ్చిన రోజుల్లో పిల్లలు సీసా కోసం కాదు, మూత కోసం కొనేవారు. ఏరుకున్న మూతలు నా దగ్గర డబ్బా నిండా ఉండేవి.

ఒకప్పుడు ఆ గోల్డ్ స్పాట్ ప్రకటనల్లో కనిపించిన అమ్మాయి ఎవరనుకున్నారు? రేఖ! మన పుష్పవల్లి కూతురు, 'రంగులరాట్నం' (1966)లో బాలనటిగా కనిపించిన పిల్ల. ఆ సంగతి తెలిశాక చిన్నమ్మ గోల్డ్ స్పాట్‌ని "మన పిల్ల సీసా" అనడం మొదలెట్టింది.

నేటి కుర్రకారు కోసం ఇక్కడ ఓ చిన్న ఫ్లాష్‌బ్యాక్! 1977లో జనతా ప్రభుత్వం హయాంలో కోకాకోలా మన దేశం వదిలి వెళ్ళిపోయింది. విదేశీ కంపెనీలు వాటా తగ్గించుకోవాలన్న 'ఫెరా' చట్టం దగ్గర పేచీ. అప్పటి పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్. ఆ ఖాళీలోకి ప్రభుత్వమే ఒక కొత్త హీరోని దింపింది. పేరు 'డబుల్ సెవెన్'. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఫార్ములా ఇస్తే, ప్రభుత్వ రంగంలోని మోడరన్ ఫుడ్ ఇండస్ట్రీస్ అమ్మింది. సినిమాకి ముందు సర్కారు వారు వేసే న్యూస్ రీలుని జనం ఎంత ఇష్టంగా చూసేవారో పెద్దవాళ్ళనడగండి, దీన్నీ అంతే ఇష్టంగా తాగారు! 1980లో ప్రభుత్వం మారాక అదీ తెరమరుగైంది. ఆ 1977లోనే వచ్చిన పార్లే వారి థమ్సప్, అంతకు ముందు కోకాకోలాని సీసాల్లో నింపిన ప్యూర్ డ్రింక్స్ వారి కాంపాకోలా మాత్రం నిలబడ్డాయి.

కూల్ డ్రింకుల వ్యాపారానికి విలన్ వాన. 1990 మేలో చిన్నబాపు అప్పు చేసి మరీ ఇరవై కేసులు దింపాడు. ఇంతలో తుఫాను! మే 9న 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైంది ఆ వానల్లోనే. మా హాల్లో ఆ వారం పాత సినిమా. వచ్చిన నలుగురూ చాయ్, మిరపకాయ బజ్జీ తప్ప ఇంకోటి అడగలేదు. చిన్నబాపు తొట్టి వంక చూస్తూ, "తెర మీద హీరో విస్కీ తాగుతుండు గదా, ఆ గ్లాసుల ఉన్నది మన థమ్సప్పే! వాడన్న తాగుతుండు పో" అని నవ్వాడు. ఆ నవ్వులో ఎంత అప్పుందో నాకప్పుడు తెలీదు.

1993లో కోకాకోలా తిరిగొచ్చింది. వస్తూనే పార్లే వారి థమ్సప్, లిమ్కా, గోల్డ్ స్పాట్, సిట్రా, మాజా పేర్లన్నీ దాదాపు 6 కోట్ల డాలర్లకి కొనేసింది. వాళ్ళకి సొంత నారింజ పానీయం ఫాంటా ఉంది. ఒక సినిమాలో ఇద్దరు హీరోయిన్లు ఎందుకనుకున్నారు కాబోలు, కొన్నేళ్ళకే గోల్డ్ స్పాట్ మాయం. థమ్సప్‌ని మాత్రం కదపలేకపోయారు. అభిమానులు వదల్లేదు మరి! అదే 2021లో వంద కోట్ల డాలర్ల అమ్మకాల బ్రాండయింది. గోల్డ్ స్పాట్ అభిమానులం మేం చిన్నపిల్లలం. మా మాట ఎవరు వింటారు?

అప్పటికి చిన్నబాపు జనగామ స్టాలు వదిలి మహబూబాబాద్ వెళ్ళాడు. ఆ ఊరిని మేం మానుకోట అనే పిలుస్తాం. స్టేషన్ దగ్గర చిన్న దుకాణం. 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చి, 1997లో ఎత్తేసేదాకా బీరు సీసా బాహాటంగా కనపడని ఆ కాలంలో సాయంత్రాలు మా బెంచీ మీద చోటుండేది కాదు. చిన్నబాపు అప్పులన్నీ తీర్చింది ఆ రెండేళ్ళే!

ఆ దుకాణంలోనే కొత్తరకం పానీయాలు చూశాను. వీటిని అతిథి పాత్రలు అనాలి. అలా వచ్చి, ఒక పాటకి డాన్సు చేసి, ఇలా పోయేవి. 2002లో నిమ్మ రుచితో 'పెప్సీ ఆహా'. 2003 ప్రపంచకప్ క్రికెట్‌కి, మన జట్టు చొక్కా రంగులో 'పెప్సీ బ్లూ'. చిన్నబాపు సీసా ఎత్తి వెలుగులో చూసి, "ఏందిర ఇది? ఇంకు బుడ్డి లెక్కున్నది! తాగితె నాలుకతోటి దస్కత్ పెట్టొచ్చు" అన్నాడు. అయినా మన జట్టు గెలుస్తున్నంతసేపూ కేసులు కేసులు పోయాయి. మార్చి 23న ఫైనల్లో ఆస్ట్రేలియా 125 పరుగుల తేడాతో ఓడించింది. మర్నాటి నుంచి ఆ నీలం రంగు ముట్టినవాడు లేడు. 2004లో వివేక్ ఒబెరాయ్ చిందులేసిన 'వెనిల్లా కోక్', మరుసటేడు కాఫీ వాసనతో 'పెప్సీ కెఫెచీనో'... అవీ అంతే. నిజం చెప్పాలంటే వీటి మీద నాకు జాలి లేదు. వాటి పని అదే. మా మేనల్లుడు మాత్రం పెప్సీ బ్లూ పేరెత్తితే ఇప్పటికీ కళ్ళు పెద్దవి చేస్తాడు. వాడి గోల్డ్ స్పాట్ అదేనేమో!

చిన్నబాపు పోయాక చిన్నమ్మ భూపాలపల్లిలో కొడుకు దగ్గరికి చేరింది. తమ్ముడు సింగరేణిలో పనిచేస్తాడు. 2023 ఎండాకాలంలో ఆమెకి ఆపరేషన్ అయి, ఆ తర్వాత జ్వరం పట్టుకుంది. అన్నం సయించడం లేదని తమ్ముడు ఫోన్ చేస్తే పరకాల మీదుగా బస్సులో వెళ్ళాను. నన్ను చూసి అడిగింది:

"కొడుకా, నోరంత చేదుగున్నది. ఒక్క గోల్డ్ స్పాట్ పట్కరా."

ఆమె నన్ను నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి.

రాదని చెప్పలేక బజారుకి పరుగెత్తాను. ఫాంటా తెచ్చాను. ఒక గుక్క తాగి, "గిది గాదు బిడ్డా" అంది. మిరిండా తెచ్చాను. అదీ కాదు. రిలయన్స్ వాళ్ళు కాంపాని మళ్ళీ మార్కెట్లోకి దింపింది ఆ ఏడాదే. పది రూపాయల సీసా. అందులో నారింజ రకం వెతికి పట్టుకుపోయాను. ఇంకో రెండు గుక్కలు తాగింది. "ఇదిగూడ గాదు. గని రంగు దగ్గర్కచ్చింది" అంది. తర్వాత దిండు కింద చెయ్యి పెట్టి ఏదో తీసింది. చిన్నబాపు పాత ఓపెనర్! పిడి అరిగి మెరుస్తోంది. దాన్ని ఆ ప్లాస్టిక్ సీసా మెడ మీద గీసింది.

చప్పుడు రాలేదు.

నా మొహంలోకి చూసి నవ్వేసి, తెచ్చినవన్నీ మనవలకి పోయమంది. జ్వరం తగ్గింది. ఇప్పుడు బాగానే ఉంది, టీవీలో పాత సినిమాలు వస్తే ఇంటర్వెల్ పడే చోటు ముందే చెప్పేస్తుంది.

అదే 'జగదేకవీరుడు అతిలోకసుందరి' 2025 మే 9న త్రీడీలో మళ్ళీ విడుదలైంది. సరిగ్గా 35 ఏళ్ళకి! కాంపా కూడా వచ్చింది, దాని ప్రచారానికి రామ్‌చరణ్ వచ్చాడు. శ్రీదేవిని త్రీడీలో చూపించగలిగినవాళ్ళు ఒక నారింజ రంగు నీళ్ళని తేలేరా అని నా గోల. ఫార్ములా పేరుతో సహా కొన్నవాళ్ళ దగ్గరే ఉంది, మన చేతుల్లో లేదు.

అందుకే ఈ పత్రిక పాఠకులకి ఒక మనవి. మీ ఇంటి అటక మీదో, మీ తాతగారి కిరాణా కొట్టు వెనకో గోల్డ్ స్పాట్ గాజు సీసా దొరికితే, ఖాళీదైనా సరే, పత్రికకి ఒక్క ముక్క రాయండి. ఖర్చు నాది. నాకు సీసా ఒక్కటి చాలు, ఓపెనర్ భూపాలపల్లిలో ఉంది.