దీవిలో మూడు రాత్రులు



నేడు నేను మీకు విన్నవింపదలచినది ప్రయాణమునుగూర్చి కాదు, నిలుకడనుగూర్చి. ఒకచోటికి పోవుట వేరు, అచ్చట ఉండుట వేరు. ఈ భేదము నదీమధ్యమున నున్న దీవులలో మిక్కిలి స్పష్టముగా తెలియును.

హైదరాబాదునుండి కర్నూలునకు పోవు రహదారి బీచుపల్లికడ కృష్ణానదిని దాటుచున్నది. ఉత్తరపుటొడ్డు వనపర్తి జిల్లా, దక్షిణపుటొడ్డు గద్వాల జిల్లా. బీచుపల్లి ఆంజనేయస్వామిని వ్యాసరాయలవారు ప్రతిష్ఠించిరని ఐతిహ్యము. యాత్రికులు బండి దిగి, నదిలో మునిగి, స్వామిని దర్శించి, కొంతసేపటికే మరల బండి యెక్కుదురు. 2016 ఆగస్టు 12 మొదలు 23 వరకు జరిగిన పుష్కరములలోను పెక్కుమంది ఇట్లే వచ్చి పోయిరి. వారికి స్నానఫలము దక్కినదనుటకు నాకు సందేహము లేదు. కాని నదితో పరిచయము కలుగలేదు.

బీచుపల్లికి ఎగువను, గద్వాల ప్రాంతమున, కృష్ణ రెండు పాయలై గుర్రంగడ్డ యను దీవిని చుట్టి పారుచున్నది. ఇంకను ఎగువను, జూరాల ఆనకట్టకు పైన, కర్ణాటకపు సరిహద్దులో కురువపుర మున్నది. అది శ్రీపాద శ్రీవల్లభులవారి క్షేత్రము. ఇట్టి దీవులకు చిరకాలముగా పుట్టియే దారి. వెదురుబద్దలతో గుండ్రముగా అల్లి, పూర్వము తోలును, ఇటీవల ప్లాస్టికు పట్టను తొడిగిన యీ గంపవంటి పడవకు ముందువెనుకలు లేవు. తెడ్డు వేయువాని నేర్పే దానికి ఆధారము.

ఉదయమున వచ్చి సాయంకాలమునకు మరలువాని మనస్సు సగము తిరుగు పుట్టిమీదనే యుండును. అతడు దీవిని చూచి, “ఆహా! ఎంత ప్రశాంతము!” అని మెచ్చుకొనును. రాత్రి నిలిచినవాడు ఆ ప్రశాంతతకు ఊరివారు చెల్లించు వెల యెంతయో తెలిసికొనును. జూరాల తలుపు లెత్తినప్పుడు గుర్రంగడ్డ పాయలు పొంగి రాకపోకలు నిలిచిపోవును. అట్టి రాత్రి ప్రసవవేదన పడు స్త్రీని ఒడ్డు చేర్చు టెట్లు? పండిన పంటను దాటించు టెట్లు? పిల్లలు పైచదువులకు పోవు టెట్లు? ఈ ప్రశ్నలు పగటి యాత్రికునికి తోచవు. రాత్రి అరుగుమీద ఇంటివారితో కూర్చున్నవానికి అడుగకయే వినవచ్చును.

ఇది మనకు మాత్రమే కలిగిన చిక్కు కాదు. గ్రీకుదేశమున సాంతోరిని, మికొనోస్ అను చిన్నదీవులకు పెద్ద ఓడలలో వేలకొలది జనులు వచ్చి, కొన్ని గంటలు తిరిగి, ఓడలోనే భోజనమునకు మరలిపోవుదురు. సమ్మర్దము దీవికి, సొమ్ము ఓడకు. అందుచే 2025 జూలైనుండి ఆ ప్రభుత్వము ఓడయాత్రికులపై సుంకము విధించినది. సమ్మర్దకాలమున ఈ రెండు దీవులకును అది తలకు 20 యూరోలు.

మన పెద్దలు సుంకము విధింపలేదు, నియమము విధించిరి. భారతము అరణ్యపర్వమందలి తీర్థయాత్రా ప్రకరణమున పలుతీర్థములలో మూడురాత్రులు వసింపవలెనని చెప్పబడినది. ఉపవాసమునకు, స్నానమునకు ఏర్పడిన నియమమే యైనను, అందొక లోకజ్ఞానము గూడ ఉన్నదని నా తలంపు. మొదటిదినము మనము వింత చూచువారము, రెండవదినము అతిథులము, మూడవదినమునకు ఊరివారు మనతో తమ కష్టసుఖములు చెప్పుకొందురు.

కావున దీవులకు పోవువారు వానలు వెనుకబడి, పై నీరు తగ్గిన పిదప పోవలెను. ముందుగా ఊరివారి అనుమతి గొనవలెను. పుట్టివాడు వలదన్న దినమున నది దాటరాదు. తిన్న అన్నమునకు తగిన వెల ఊరిలోనే ఇచ్చి రావలెను.

ఏటియొడ్డున నున్న పెద్దలకు నాదొక మనవి. 2028లో కృష్ణకు మరల పుష్కరములు రానున్నవి. స్నానపు మెట్లతోపాటు, నాలుగు కుటుంబములు మూడురాత్రులు తలదాచుకొనుటకు ఒక శుభ్రమైన సత్రము, మరుగుదొడ్డి, మంచినీళ్లు ఇప్పుడే ఏర్పరచుడు. నిలిచిన యాత్రికుడు మీ యేటిని ఎరిగి పోవును. మీకు వంతెనయో వైద్యుడో కావలసివచ్చినప్పుడు, మీ పక్షమున పలుకగల మనుష్యుడు పట్టణములో ఒకడుండును.