గలగలమంటేనే కురిడీ

పొద్దు పొడిచేసరికి ‘దబ్బు’మన్న చప్పుడుకు ఉలిక్కిపడి లేచాను. వెంటనే ఇంకోటి. “దింపు మొదలైందండీ. చెట్ల కిందకి మాత్రం వెళ్లకండి” అన్నారు పిన్నిగారు పెరట్లోంచి.

కోనసీమలో, అంబాజీపేట దగ్గర పిన్నిగారి, బాబాయ్‌గారి కొబ్బరితోట అది. మాది అనంతపురం జిల్లా, వాన కోసం ఆకాశం చూసే ఊరు. ఇక్కడ ఇంటి వెనకాలే కాలువ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ గడ్డకు దక్కిన భాగ్యం. ఈర్ష్య పడ్డాను, దాచుకోను.

దింపు కార్మికుడికి యాభై దాటాయి. కాళ్లకు తాడు బంధం, నడుముకు కత్తి. పైకెళ్లగానే గెల కోసెయ్యడు. మొవ్వు విప్పి చూస్తాడు, కొమ్ముపురుగు తొలిచిందేమో వెతుకుతాడు, ఎండుమట్టలు లాగేస్తాడు.

“ఎలా ఉందిరా మొవ్వు?” కింద నుంచి బాబాయ్‌గారు అడిగారు.

“ఆయ్, బానే ఉందండి. ఆకుకే తెల్లదోమ పట్టిందండి.”

రెండు నెలలకోసారి తోట కబురు ఇలా పైనుంచే తెలియాలి. ఇతను ఎక్కడం మానేస్తే చెట్టు సంగతి చెప్పేవాడే ఉండడని బాబాయ్‌గారి దిగులు. అతని కొడుకులిద్దరూ హైదరాబాద్‌లో పనికి కుదిరారట. జారితే బతుకే పోయే పనిలోకి పిల్లల్ని ఏ తండ్రి పంపుతాడు? దిగొచ్చాక అతని పాదాలు చూశాను. చర్మం బెరడులా పగిలి గట్టిపడింది. కోనసీమ అందాన్ని ఎవరు పొగిడినా ఇక నాకు ఆ పాదాలే గుర్తొస్తాయి.

కొబ్బరి నీడలో కోకో వేశారు. కాయను కర్రతో పగలగొడితే లోపల సీతాఫలంలా తెల్లటి గుజ్జు, పుల్లతీపి. గింజల్ని బుట్టకెత్తి, అరటాకులు కప్పి ఆరు రోజులు పులియబెడతారు. మూడో రోజు బుట్టలో చెయ్యి పెట్టమన్నారు పిన్నిగారు. పెట్టి చటుక్కున తీసేశాను, అంత వేడి.

తోటలో చెట్లన్నీ దాదాపు ఒకే ఈడువి. ఎందుకని అడిగితే బాబాయ్‌గారు కాసేపు మాట్లాడలేదు. 1996 నవంబర్ 6 రాత్రి తుపానుకు వాళ్ల నాన్న పెంచిన తోట నేలకొరిగింది. “తెల్లారి బయటికొస్తే ఆకాశం కనబడిందండి” అన్నారు. మళ్లీ మొక్కలు నాటి, కాపు కోసం ఏడేళ్లు చూశారట.

మధ్యాహ్నం బాబాయ్‌గారు నన్ను అటక ఎక్కించారు. చూరు దాకా వలవని కాయలు. నెలల తరబడి కదపకుండా ఉంచితే నీరు ఇంకి, లోపలి కొబ్బరి చిప్పను వదిలి గుండులా ఎండుతుంది. అదే కురిడీ. ఆయన ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపి నాకిచ్చారు. గలగలమంది. ఇంకోటి నేనే తీసి ఊపాను. లోపల నీళ్ల చప్పుడు.

“అది ఇంకా అవలేదండి” అంటూ నా చేతిలోంచి తీసుకుని, ఉన్నచోటే జాగ్రత్తగా పెట్టారు.