ఫంక్షన్‌కి విలువ ఎలా ఇవ్వాలి? మా మావయ్య కిడ్నీ రిపోర్టుతో నేర్చుకున్న పైథాన్ పాఠం

ఈసారి ఫోన్ రివ్యూ కాదు, ఫోన్‌లో రాసిన పదిహేను లైన్ల ప్రోగ్రామ్ గురించి. కొత్తగా కోడింగ్ మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే: ఒక ఫంక్షన్ నుంచి ఇంకో ఫంక్షన్‌కి విలువ పంపడం.

మాది ఉద్దానం. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మా ఇళ్ళల్లో క్రియాటినిన్ అనే మాట పిల్లలకి కూడా తెలుసు. టెక్కలిలో ఇంజనీరింగ్ మొదటి ఏడాది చదువుతున్నప్పుడు మావయ్య రిపోర్టు నా చేతికొచ్చింది. క్రియాటినిన్ 1.6, వయసు 52. కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే ఈజీఎఫ్ఆర్ లెక్కకి 2021లో వచ్చిన సీకేడీ-ఈపీఐ ఫార్ములా ఉంది. పైడ్రాయిడ్ 3 యాప్ తెరిచి రాసేశా. ఫోన్‌లో వచ్చిన జవాబు: 1.08.

15 కంటే తక్కువైతే ఐదో దశ, అంటే చివరి దశ. పక్కనే కూర్చున్న మావయ్య "ఏటిరా, ఒకటేనా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

తప్పు ఫార్ములాలో లేదు. నా ఫంక్షన్ మొదటి లైన్ ఇది (డెఫ్ లాంటి కీవర్డ్‌లు మీరు ఇంగ్లీషులోనే టైప్ చేయాలి):

డెఫ్ వడపోత(క్రియాటినిన్, వయసు):

బ్రాకెట్లో ఉన్న ఈ రెండు పేర్లు పారామీటర్లు, అంటే ఖాళీ గిన్నెలు. పిలిచేటప్పుడు వాటిలో పోసే అసలు అంకెలు ఆర్గ్యుమెంట్లు. నేను పిలిచింది వడపోత(52, 1.6) అని! పైథాన్ చూసేది వరస మాత్రమే. మొదటి అంకె మొదటి గిన్నెలోకి, రెండోది రెండోదాంట్లోకి. క్రియాటినిన్ 52 ఉన్న ఏడాదిన్నర పిల్లాడి లెక్క కట్టిందన్నమాట. రెండూ అంకెలే కాబట్టి ఎర్రర్ కూడా రాలేదు. సరిగ్గా వడపోత(1.6, 52) అని పిలిస్తే 51.5 వచ్చింది. అది మూడో దశలో మొదటి సగం, 3ఏ.

లోపల జరిగేది కూడా చెప్తా, మీరే సరిచూసుకోవచ్చు. మగవాళ్ళకి, క్రియాటినిన్ 0.9 దాటితే, దాన్ని 0.9తో భాగించి −1.2 ఘాతం వేయాలి. దాన్ని 142తో గుణించి, 0.9938ని వయసు ఘాతానికి పెంచి దాంతో మళ్ళీ గుణించాలి. ఆడవాళ్ళకి అంకెలు కొంచెం వేరు.

ఇక రెండో బగ్. ఇది ఇంకా దొంగది. తాతయ్యకి 74 ఏళ్ళు, ఆయన క్రియాటినిన్ కూడా 1.6. ఆయనకీ 51.5 వచ్చింది. అనుమానమొచ్చి చూస్తే, ప్రోగ్రామ్ పైన నేను "వయసు = 52" అని ఒక గ్లోబల్ వేరియబుల్ పెట్టుకున్నా. "రెండుసార్లు ఇవ్వడం ఎందుకులే" అని పారామీటర్ల నుంచి వయసు తీసేశా. ఫంక్షన్ తనకి ఇవ్వనిదాన్ని బయట వెతుక్కుని మావయ్య వయసు తెచ్చుకుంది. 74 ఇస్తే వచ్చేది 44.9. హద్దు 45 కాబట్టి దశే మారి 3బీ అయింది! ఫంక్షన్‌కి ఏం కావాలో అది గుమ్మంలోంచే రావాలి, కిటికీలోంచి కాదు.

మూడోది మీలో సగం మంది ఇప్పటికే చేసుంటారు. వడపోత చివర రిటర్న్ బదులు ప్రింట్ రాశా. స్క్రీన్ మీద 51.5 కనిపించింది కదా, బానే ఉందనుకున్నా. ఆ జవాబుని దశ(వడపోత(1.6, 52)) అని ఇంకో ఫంక్షన్‌కి పంపగానే టైప్‌ఎర్రర్. ల్యాబ్ వాళ్ళు మన అంకె గట్టిగా చదివి కాగితం చేతికివ్వకపోతే డాక్టర్‌కి ఏం చూపిస్తాం? ప్రింట్ అంటే చదవడం, రిటర్న్ అంటే కాగితం ఇవ్వడం. రిటర్న్ లేకపోతే దశ చేతికి వెళ్ళేది నన్. దాన్ని 45తో పోల్చమంటే పైథాన్ ఒప్పుకోదు. ఒకరకంగా మొదటి రెండు బగ్‌ల కంటే ఇదే నయం, కనీసం అరిచింది.

ఇంకోటి, అంకెతో పాటు యూనిట్ రాదు. కొన్ని దేశాల ల్యాబులు క్రియాటినిన్‌ని మైక్రోమోల్స్‌లో ఇస్తాయి. మన 1.6 అక్కడ సుమారు 141. అందుకే ఇప్పుడు పారామీటర్ పేరే క్రియాటినిన్_ఎంజీ అని పెడుతున్నా. (అవును, పైథాన్ 3లో పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. కాలేజీలో చూపిస్తే ఎవరూ నమ్మలేదు.)

వరస గొడవకి మందు: బ్రాకెట్లో మొదట ఒక స్టార్ పెట్టండి. డెఫ్ వడపోత(*, క్రియాటినిన్_ఎంజీ, వయసు): అని. అప్పుడు వడపోత(క్రియాటినిన్_ఎంజీ=1.6, వయసు=52) అని పేర్లతో పిలిస్తేనే పనిచేస్తుంది, వరస ఏదైనా పర్లేదు. ఊరికే అంకెలు పడేస్తే వెంటనే ఎర్రర్.

మావయ్యకి మళ్ళీ చూపించా. "మొన్నటి ఒకటి ఏమైందిరా?" అన్నాడు. తప్పు నాదేనని చెప్పా. ఒక్క పరీక్షతో దీర్ఘకాలిక జబ్బని తేల్చరు, మూడు నెలలు దాటి అలాగే ఉందేమో చూడాలి. డాక్టర్ కూడా అదే చెప్పి మళ్ళీ పరీక్షకి రాసిచ్చారు. ఆ రోజు పలాస ఆసుపత్రికి మావయ్యతో నేనూ వెళ్తున్నా, ఫోన్ జేబులోనే ఉంచి.