కారు ప్రక్క అద్దము పగిలినచో

ఇంటి కిటికీ అద్దము పగిలినప్పుడు కత్తులవంటి పెంకులు రాలును. కారు ముందు అద్దమునకు రాయి తగిలినచో సాలెగూడువలె బీటలు వారునేగాని ముక్కలు ఊడిపడవు. రెండు గాజుపలకల నడుమ అతికిన ప్లాస్టిక్ పొర వాటిని పట్టియుంచును. కారు ప్రక్క అద్దము మాత్రము ఒక్క దెబ్బకు పటికబెల్లపు పలుకులవలె జలజల రాలిపోవును. మూడును గాజే. మరి ఈ తేడా ఎందుకు? కారణము తెలిసినచో క్రొత్త అద్దమును ఎట్లు ఎంచుకొనవలెనో కూడ బోధపడును.

17వ శతాబ్దమున ఐరోపాలో కరిగిన గాజుబొట్టును నీటిలో విడిచి ఒక వింత చూచెడివారు. తోకగల ఆ బొట్టు తలపై సుత్తితో కొట్టినను పగులదు. తోకకొస త్రుంచినంతనే బొట్టంతయు పొడియగును. 1660 ప్రాంతమున రూపర్టు రాకుమారుడు వీటిని ఇంగ్లండుకు తెచ్చుటచే ఆయన పేరే వాటికి నిలిచినది. ప్రక్క అద్దము రహస్యమును ఇదే.

గాజుపలకను కావలసిన ఆకారమునకు కోసి, అంచులు నునుపుచేసి, రంధ్రములు వేయుదురు. పిదప 600 డిగ్రీల సెంటిగ్రేడునకు పైగా కాచి, ఇరువైపుల చల్లనిగాలి జోరుగా విసరి చప్పున చల్లార్తురు. పైపొర ముందుగా గట్టిపడును. లోపలి భాగము ఆలస్యముగా చల్లారుచు కుంచించుకొనబోవును. బిగిసిన పైపొర దానిని అడ్డగించును. ఫలితముగా పైపొర ఎల్లప్పుడు నొక్కబడియు, లోభాగము లాగబడియు ఉండును. గాజు నొక్కుడుకు ఓర్చును, లాగుడుకు ఓర్వదు. సాధారణముగా బీట పైపొరలోనే మొదలగును గనుక, ఈ అద్దము మామూలు గాజుకంటె ఎన్నో రెట్లు దెబ్బకు ఆగును. కాని మొనగల వస్తువు పైపొరను దాటి లోనికి దిగెనా, అణగియున్న శక్తి ఒక్కసారిగా విడివడి పలకంతయు చిన్నచిన్న పలుకులగును. పలుకుల అంచులు మొద్దుగా ఉండుటచే పెద్ద గాయములు తప్పును. దుకాణములలో దీనిని టఫెన్డు గాజు అందురు.

ఇట్టి అద్దమును ఒకసారి చల్లార్చిన పిమ్మట కోయుటకు గాని, అతుకుటకు గాని వీలులేదు. కాబట్టి కారు రకము, తయారైన సంవత్సరము, ఏ తలుపుదో చెప్పి పూర్తి అద్దమునే కొనవలెను. "మామూలు గాజు కోసి తక్కువ ధరకు అమర్చెదము" అను మాట నమ్మరాదు. ప్రమాదమున ఆ గాజు ప్రయాణికుని మెడప్రక్కనే కత్తియగును. అద్దము మూలన ముద్రించిన ఐ.ఎస్.ఐ. గుర్తు చూచుకొనవలెను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమముల ప్రకారము ప్రక్క అద్దము తనపై పడు వెలుతురులో కనీసము 50 శాతమును లోనికి పోనీయవలెను.

అమర్చుటకు ముందు తోలు చేతితొడుగులు, కండ్లద్దములు ధరించవలెను. బ్యాటరీ తీగ విప్పవలెను. తలుపులో గాలిసంచి గల కారును మెకానిక్కుకే విడుచుట మేలు. లోపలి అట్టను విప్పి, తలుపు అడుగున చేరిన పలుకులను పీల్చు యంత్రముతో పూర్తిగా తీయవలెను. మిగిలినవి క్రొత్త అద్దమును గీరును. వాననీరు పోవు రంధ్రములను పూడ్చి తలుపునకు త్రుప్పు పట్టించును. పిదప అద్దమును ఏటవాలుగా దింపి, రబ్బరు గాడులలో కూర్చి, ఎత్తుదించు యంత్రమునకు బిగింపవలెను. మరలను అతిగా బిగించినచో, ముఖ్యముగా అంచువద్ద, అద్దము ప్రేలిపోవచ్చును. బ్యాటరీ తీగ మరల కలిపి, చేతులు దూరముగా నుంచి, అద్దమును రెండు మూడుమార్లు మెల్లగా ఎత్తిదించి చూచిన పిమ్మటనే అట్టను మూయవలెను.

చివరగా ఒక్కమాట. కారు కాలువలో పడి తలుపులు తెరచుకొననప్పుడు, ఈ అద్దపు బలహీనతయే ప్రాణరక్షణ మార్గమగును. అరచేతితో ఎంత కొట్టినను పగులని అద్దము, మూలవద్ద ఉక్కుమొన సుత్తితో కొట్టినచో రాలిపోవును. ఇటీవలి కొన్ని కార్లలో ప్రక్క అద్దములకును నడుమ ప్లాస్టిక్ పొర ఉన్నది. అవి అట్లు రాలవు. మీ కారులోనివి ఏ రకమో మూలనున్న ముద్ర చూచి ఈనాడే తెలిసికొని, సుత్తిని చేతికందునంత దూరములో ఉంచుకొనుడు.