పాత కారు సైలెన్సర్ తుప్పు – ఇంటివద్ద చేయదగిన మరమ్మతు

పాలు పితకడం ఒక ఎత్తు, వాటిని వేళకు కేంద్రానికి చేర్చడం మరొక ఎత్తు. నాగల్‌గిద్ద పరిసర గ్రామాలలో మోటారు సైకిళ్లతోబాటు పాత అంబాసిడరు కార్లు, జీపులు, మారుతి ఓమ్ని వ్యానులు పాలక్యాన్లు మోస్తూ తనిఖీలకు వెళ్లినప్పుడు మాకు ఇప్పటికీ కనబడుతుంటాయి. అంబాసిడరు తయారీ 1958లో మొదలై 2014లో ఆగిపోయింది. ఓమ్ని తయారీ 2019లో ఆగింది. కనుక ఉన్న బండినే కాపాడుకోవలెను. ఇట్టి బండ్ల సైలెన్సర్ తుప్పుపట్టి చిల్లు పడినప్పుడు, "కాస్త చప్పుడు ఎక్కువైంది, అంతే గదా" అని చాలామంది ఊరుకుంటారు. చప్పుడును చెవులు ఓర్చుకుంటాయి. పొగను ప్రాణం ఓర్చుకోలేదు.

తుప్పు ఎందుకు పడుతుంది?

పెట్రోలు మండినప్పుడు పొగతోబాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిగా గొట్టంలోకి వస్తుంది. బండి దూరప్రయాణం చేస్తే సైలెన్సర్ బాగా కాగి, ఆ ఆవిరి బయటికి వెళ్లిపోతుంది. ఇంటినుండి పాలకేంద్రానికి రెండు మూడు కిలోమీటర్లే అయితే సైలెన్సర్ వెనుకభాగం వేడెక్కకముందే ఇంజను ఆపివేస్తాము. ఆవిరి లోపలనే చల్లబడి నీరుగా మారి, పొగలోని ఆమ్లాలతో కలిసి రేకును లోపలినుండి తినివేస్తుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇదే జరుగుతుంది. అందుచేతనే ఎక్కువ దూరం తిరిగే బండికంటే దగ్గర తిరిగే పాలబండి సైలెన్సర్ ముందుగా పోతుంది. వానకాలంలో అంటుకున్న నల్లరేగడి బురద తడిని పట్టి ఉంచి పైనుండి కూడా తుప్పు పట్టిస్తుంది.

ప్రమాదం ఎక్కడ ఉన్నది?

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు ఇది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం, మగత దీని గుర్తులు. బండిలోని ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే ఎండదెబ్బ అనుకొనక, వెంటనే బండి ఆపి అందరినీ ఆరుబయటికి తేవలెను. మగతగా ఉన్నవారి కోసం 108కి ఫోను చేయవలెను.

పాలబండ్లకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. 40 లీటర్ల క్యాను నిలబెడితే డిక్కీ మూతపడదు. తలుపును సగం ఎత్తి తాడుతో కడతారు. బండి పరుగెత్తేటప్పుడు వెనుకభాగాన గాలి సుడి తిరిగి, టెయిల్ పైపు పొగ తెరచిన డిక్కీలోకి లాగబడుతుంది. అక్కడినుండి వెనుక సీటుకు చేరుతుంది. చలికాలం తెల్లవారుజామున అద్దాలు బిగించుకొని పోతాము కనుక వచ్చిన పొగ లోపలనే నిలుస్తుంది. పాలు కూడా పొగ వాసనను త్వరగా పట్టుకుంటాయి. మూత తీయగానే తేడా వాసన వచ్చిన పాలను కేంద్రంలో తీసుకొనరు. మనిషికి హాని, పాలకు నష్టం, రెండూ ఒకే చిల్లునుండి వస్తాయి.

చిల్లును కనుగొనుట

బండి పూర్తిగా చల్లారిన తరువాత, చదునైన గట్టి నేలమీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టవలెను. జాకీతో లేపి, ఇనుప స్టాండ్లమీద గాని బలమైన కొయ్య దిమ్మెలమీద గాని దించవలెను. జాకీ ఒక్కదానినే నమ్మి కిందికి దూరరాదు. ఇటుకలు పెట్టరాదు, అవి హఠాత్తుగా పగులుతాయి.

ఇంజను దగ్గర మానిఫోల్డు మొదలు వెనుక టెయిల్ పైపు వరకు వరుసగా చూడవలెను. అతుకుల వద్ద నల్లటి మసి చారలు ఉంటే అక్కడ పొగ కారుతున్నదని గుర్తు. స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టితే మంచి రేకు ఖంగుమంటుంది, కుళ్లిన రేకు మొద్దుగా పలుకుతుంది. గొట్టాన్ని వేలాడదీసే రబ్బర్లు తెగి ఉన్నవేమో కూడా చూడవలెను. రబ్బరు తెగితే బరువంతా అతుకుమీద పడి అదే విరుగుతుంది.

ఇంటివద్ద చేయదగినవి

1. రూపాయి నాణెం కంటే చిన్న చిల్లు అయి, చుట్టూ రేకు గట్టిగా ఉంటే, వైరు బ్రష్షుతోను ఎమరీ కాగితంతోను తుప్పును మెరుపు వచ్చేవరకు తీయవలెను. సైలెన్సర్‌కని అమ్మే వేడికి తట్టుకొనే పేస్టు పూసి, పైన అదే పనికి అమ్మే పట్టీ చుట్టవలెను. కుళాయిలకు వాడే మామూలు సీలు ముద్ద ఈ వేడికి నిలువదు. ఈ మరమ్మతు కొద్ది నెలలకే గాని శాశ్వతం కాదు.

2. గొట్టం నడుమ విరిగితే, కుళ్లిన భాగాన్ని గట్టి రేకు వచ్చేవరకు కోసి, పైన సరిపోయే తొడుగు గొట్టం ఎక్కించి రెండువైపులా క్లాంపులు బిగించవలెను.

3. తుప్పు పట్టిన నట్లను బలవంతాన తిప్పరాదు. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నాననిచ్చి, కొద్దిగా బిగిస్తూ వదులుచేస్తూ తీయవలెను. ఇంజను నడిపేముందు ఆ నూనెను పూర్తిగా తుడవవలెను.

4. విప్పిన ప్రతి అతుకుకు కొత్త గాస్కెట్టు వేయవలెను. చాలా పాత బండ్ల గాస్కెట్లలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. దానిని పొడిగా గీకరాదు. తడిపి తీసి, సంచిలో కట్టి పారవేయవలెను.

పని ముగిసిన తరువాత ఆరుబయట పది నిమిషాలు ఇంజను నడిపి, చల్లారనిచ్చి క్లాంపులను మరల బిగించవలెను. తరువాత మళ్లీ ఇంజను స్టార్టు చేసి, ఒకరు మందపాటి తడిగుడ్డతో టెయిల్ పైపును కొన్ని క్షణాలు మూస్తే, ఎక్కడైనా చిల్లు మిగిలితే బుస్సుమనే చప్పుడు అక్కడే వినబడుతుంది. అప్పుడు బండి కిందికి దూరక, పక్కనుండే వినవలెను.

ఇంటివద్ద చేయరానివి

బండి కింద ఉండగానే గొట్టానికి వెల్డింగు చేయించరాదు. పెట్రోలు ట్యాంకు, దాని గొట్టాలు దగ్గరనే ఉంటాయి. గొట్టాన్ని విప్పి నారాయణఖేడ్‌కో బీదర్‌కో తీసుకువెళ్లి చేయించుట మేలు. జింకు పూత ఉన్న రేకు ముక్క అతికించరాదు, వెల్డింగు వేడికి వచ్చే జింకు పొగ ఊపిరికి హాని. మానిఫోల్డు బీటవారినా, దాని స్టడ్డు విరిగినా మెకానిక్కు పని. కొత్త తరహా కార్లకు క్యాటలిటిక్ కన్వర్టరు ఉంటుంది. 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు దీనిని తప్పనిసరి చేశారు. అట్టి బండిలో దానిని కోసివేసి ఖాళీ గొట్టం పెట్టించరాదు. సైలెన్సర్ రేకు పలుచోట్ల కుళ్లితే పట్టీలమీద పట్టీలు చుట్టుట వృథా. కొత్తది వేయించుటే చౌక.

ఇకముందు జాగ్రత్తలు

వారానికి ఒకసారైనా బండిని అరగంట ఆపకుండా నడిపితే లోపలి నీరు ఆరిపోతుంది. సైలెన్సర్ అడుగున నీరు కారేందుకు చిన్న రంధ్రం ఉంటే దానిని చిల్లు అనుకొని మూయరాదు. వానకాలంలో గొట్టానికి అంటిన బురదను కడిగివేయవలెను. క్యాను పట్టని డిక్కీలో రెండు చిన్న క్యాన్లు పెట్టి తలుపు మూయవలెను. పశువుల కొట్టంలోగాని, మూసిన గదిలోగాని ఇంజను నడుపుతూ ఉంచరాదు. ఆ వాయువు పశువులకు కూడా విషమే.

సంఘ కార్యదర్శులు ఈ విషయాలను పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించవలసినదిగా కోరుచున్నాము. బండి ఉన్న ప్రతి సభ్యుడు ఈ వారంలోనే ఒకసారి వంగి, తన బండి అడుగున మసి చారలు ఉన్నవేమో చూచుకొనవలెను.