ఉడికినా రంగు మారని మాంసం

రండ్రా, అరుగు మీదికి ఇంకా ఎండ రాలేదు. ఆ చాప పరిచి కూర్చోండి. ఆ తమలపాకుల పళ్ళెం కాస్త ఇటు జరుపు, చిట్టీ. అమెరికా కబుర్లు చెప్పమని నిన్నటి నుంచీ నా ప్రాణం తోడేస్తున్నారు కదూ!

పోయినేడు మీ పెదనాన్న దగ్గర ఆరు నెలలు ఉన్నానా, అక్కడ డెలీ అని ఒక కొట్టుంది. మన మిఠాయి కొట్టులాగే అద్దాల బీరువా, వెనకాల ఒక టోపీ మనిషి. లడ్డూలుండే చోట మాత్రం మాంసపు దిమ్మలుంటాయి. పంది తొడతో చేసే హామ్, సలామీ, పాస్ట్రామీ, టర్కీ కోడి రొమ్ము. అర పౌను అని అడిగితే చాలు, గిర్రున తిరిగే కత్తి మీద తమలపాకంత పల్చగా తరిగి, కాగితంలో చుట్టి ఇస్తాడు. రెండు రొట్టె ముక్కల మధ్య పెడితే పిల్లల కేరేజీ అయిపోయినట్టే. ఒకరోజు మీ అన్న ఆ హామ్ తింటూ తింటూ ఆగి, "తాతా, నాయనమ్మ వండితే మటన్ గోధుమరంగుకి తిరుగుతుంది కదా, ఇదీ ఉడికించిందేనట, మరి గులాబీ రంగులో ఎందుకుంది?" అన్నాడు. ప్రశ్నంటే అదీ! ఆ రోజంతా నాకు కడుపు నిండిపోయింది.

దీని గుట్టంతా సురేకారంలో ఉందిరా. అవును, మతాబుల మందులో కలిపే సురేకారమే! యూరప్ వాళ్ళు మాంసం నిలవ పెట్టడానికి ఉప్పుతో పాటు దాన్నీ చిటికెడు వేసేవారు. అందులోని నైట్రేటు మాంసంలోని సూక్ష్మజీవుల చేతిలో పడి నైట్రైటుగా మారుతుంది. ఇప్పుడైతే తిన్నగా నైట్రైటే కలిపేస్తున్నారు. మాంసానికి ఎరుపునిచ్చే పదార్థం మయోగ్లోబిన్. దాని నడిమధ్యన ఇనుముంటుంది. మామూలుగా పొయ్యి మీద పెడితే ఆ ఇనుము తుప్పు పట్టినట్టయి గోధుమరంగు వస్తుంది. నైట్రైటు నుంచి పుట్టే వాయువు ఒకటి ముందే వెళ్ళి ఆ ఇనుమును జలగలా కరుచుకుంటే, ఇక ఎంత ఉడికించినా గులాబీ రంగు పోదు. నా తాంబూలం లాగే అనుకోండి. ఆకు పచ్చన, సున్నం తెల్లన, అయినా వక్కతో కలిసి నమిలితే నోరు ఎర్రన.

రంగు కోసమే వేస్తారనుకునేరు, అసలు కథ వేరే ఉంది. సాసేజి అంటే పేగులో కూరిన మాంసం. లోపలికి గాలి చొరదు. గాలి గిట్టని సూక్ష్మజీవి ఒకటి, పాతరలో దూరిన ఎలుకలా, అందులో హాయిగా పెరిగి విషం కక్కుతుంది. ఆ విషం తగిలితే రెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, చివరికి ఊపిరే ఆగుతుంది. 1820 ప్రాంతంలో జర్మనీలో యుస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు ఈ సాసేజి విషాన్ని గురించి వివరంగా రాశాడు. ఆయన కవి కూడా. ఆ విషాన్ని కొంచెం తన నాలుక మీదే వేసుకుని చూశాడట, అదేం ధైర్యమో! లాటిన్‌లో బొటులస్ అంటే సాసేజి, అందుకే ఆ జబ్బు బొటులిజం అయింది. ఆ సూక్ష్మజీవిని లేవనీయకుండా నొక్కిపెట్టేది ఈ నైట్రైటే. కాపలాదారన్నమాట.

అయితే ఈ కాపలాదారుకి చెడు సావాసాలున్నాయి. మాంసకృత్తుల నుంచి వచ్చే అమైన్లతో కలిస్తే, పెనం వేడి మీదో మన కడుపులోనో, నైట్రోసమైన్లు పుడతాయి. అవి పేగు కణాల్లోని డీఎన్ఏని గిల్లుతూ ఉంటాయి. ఎర్ర మాంసంలోని ఇనుము ఇందుకు ఇంకాస్త ఊతమిస్తుంది. పాలకూరలోనూ నైట్రేటు ఉంటుంది కదా అంటారేమో. ఉంటుంది, కానీ విటమిన్ సి తోడుగా వచ్చి ఆ సావాసాన్ని చెడగొడుతుంది.

2015 అక్టోబరులో ఫ్రాన్సులోని లియాన్‌లో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థలో, 10 దేశాల నుంచి 22 మంది నిపుణులు కూర్చుని 800కి పైగా అధ్యయనాలు తిరగేశారు. నిలవ మాంసం పెద్ద పేగు క్యాన్సర్ తెస్తుందని తేల్చి, మొదటి గుంపులో వేశారు. పొగాకు ఉన్నదీ ఆ గుంపులోనే. ఇంకేం, హామ్ తిన్నా చుట్ట కాల్చినా ఒకటేనని గోల! కాదురా, ఆ గుంపు చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదన్న సంగతే. కోడిని ఎత్తుకుపోయినవాడి మీదా, ఇంటికి కన్నం వేసినవాడి మీదా సాక్ష్యం ఒకేలా గట్టిగా ఉండొచ్చు. ఇద్దరూ దొంగలేనని తేలుతుంది కానీ, పోయిన సొత్తు ఒక్కటవుతుందా? పొగాకు తెచ్చే క్యాన్సర్లతో ప్రపంచంలో ఏటా పోయేవాళ్ళు సుమారు 10 లక్షలైతే, నిలవ మాంసం ఎక్కువగా తినడం వల్ల పోయేవాళ్ళు 34 వేలని అప్పట్లో లెక్క.

రోజూ 50 గ్రాములు, అంటే రెండు మూడు పల్చటి ముక్కలు, తింటే పెద్ద పేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్నారు. అమెరికాలో జీవితకాలం మొత్తం మీద నూటికి నలుగురికి ఆ జబ్బు వస్తుందనుకుంటే, అందరూ రోజూ తింటే ఐదుగురికి కాస్త తక్కువ. ఎప్పుడో పండక్కి తిన్నవాడు గుండెలు బాదుకోనక్కర్లేదు, రోజూ కేరేజీలో పెట్టేవాళ్ళు మాత్రం ఆలోచించాలి. నాకైతే దానిలోని ఉప్పు చూస్తేనే భయం వేసింది, మన ఉప్పు చేపకి చుట్టమే!

మీ పెద్దమ్మ తెలివిగా 'నైట్రైటు కలపలేదు' అని రాసిన పొట్లం తెచ్చేది. వెనక సన్నక్షరాల్లో సెలరీ పొడి అని ఉంది. ఆ ఆకుకూర నిండా నైట్రేటే, దాన్ని నైట్రైటుగా మార్చే కలుపుతారు. పేరు మార్చుకుని వచ్చిన పాత అల్లుడే. కడుపుతో ఉన్నవాళ్ళ సంగతి మాత్రం వేరు. లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఫ్రిజ్‌లో చలికి కూడా జంకకుండా పెరుగుతుంది. 2017, 18లలో దక్షిణాఫ్రికాలో పొలోనీ అనే సాసేజి వల్ల వెయ్యి మందికి పైగా జబ్బుపడి, 200 మందికి పైగా చనిపోయారు. అందుకే అమెరికాలో డాక్టర్లు కడుపుతో ఉన్నవాళ్ళని ఈ డెలీ మాంసం తినొద్దంటారు, తప్పదంటే పొగలు వచ్చేదాకా వేడి చేయమంటారు.

ఏమిటే చిట్టీ, ఆ చూపు? మొదటి గుంపులో ఇంకా ఏమేమున్నాయంటావా? సారా ఉంది, ఎండ ఉంది, ఇంకా... వక్కా ఉందే తల్లీ. ఉత్త వక్క కూడా. అరే, ఆ పళ్ళెం ఎక్కడికి పట్టుకుపోతున్నావు? చిట్టీ!