చెత్త వేరుచేయు చేతులు

చెత్తను గురించి మాటలాడవలసి వచ్చినపుడు సూర్యాపేటను ముందుగా పేర్కొనుట న్యాయము. 2003 ప్రాంతమున, పురపాలక కమిషనరు ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ హయాములో, ఆ ఊరి వీధులలోని కుండీలు తొలగినవి. ఇంటింటికి బండి పంపి తడిచెత్తను, పొడిచెత్తను వేరువేరుగా తీసికొను పద్ధతి అమలైనది. తడిచెత్త ఎరువైనది, పొడిచెత్త అమ్ముడుపోయినది. నాడు నల్లగొండ జిల్లాలోని ఆ పట్టణము దేశములోని ఇతర పురపాలక సంఘములకు మాదిరిగా చెప్పబడినది. 2016లో అది జిల్లా కేంద్రమై కోదాడను తనలో చేర్చుకొన్నది. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. ఆ కీర్తిలో ఎక్కువ పాలు ఎరువుకును ఆదాయమునకును దక్కినదని మా అభిప్రాయము. చెత్తను ముట్టిన వ్రేళ్లను గురించి విన్నది తక్కువ.

మనము ఇంట రెండు బుట్టలు పెట్టినంత మాత్రమున పని తీరదు. పొడిచెత్తలో కాగితము, సీసా, పాలసంచి, రేకుడబ్బా ఒకచోటనే ఉండును. వానిని విడదీయునది చేయియే. ఆ చేతికి మొదటి శత్రువు సూది.

మధుమేహమునకు ఇంటనే ఇన్సులిన్ తీసికొనువారు నేడు ప్రతి వీధిలోను ఉన్నారు. వాడిన సూది నల్లసంచిలో పడి, ముడి బిగిసి, బండికెక్కును. ఎండిన రక్తములో సైతము హెపటైటిస్ బి క్రిమి ఏడు దినముల వరకు బ్రతికియుండగలదు. దీనికి టీకా గలదు. మూడు మోతాదులు ఆరు నెలలలో పూర్తియగును. ధనుర్వాతపు టీకాతోపాటు దీనిని పనిలో చేరు దినముననే మొదలిడవలెను. సూది గ్రుచ్చుకొన్నచో రక్తమును పిండరాదు, నోట పీల్చరాదు. పారు నీటిలో సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. హెచ్.ఐ.వి. సోకకుండ ఇచ్చు మందును రెండు గంటలలో మొదలిడుట శ్రేష్ఠము. 72 గంటలు దాటినచో ఇక దానివలన ఫలముండదు. “పని ముగించి సాయంత్రము చూచుకొందము” అను మాట ఇచ్చట చెల్లదు.

2016 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నిబంధనలు చేతితొడుగులు, పాదరక్షలు, ముఖతొడుగు, వానకోటు పనివారికి ఇవ్వవలెనని విధించినవి. ఇచ్చుట ఒకటి, తొడుగుకొనుట మరొకటి. ఎండ 43 డిగ్రీలు దాటు మే మాసమున, ఈ ఊళ్లలో దళసరి రబ్బరు తొడుగులో చేయి ఎట్లుండునో ఒక గంట తొడిగి చూచినవారికే తెలియును. చెమటకు వ్రేళ్లు నానును, పట్టు జారును, తొడుగు ప్రక్కకు పోవును. దీనిని నిర్లక్ష్యమనుట మాకు సమ్మతము కాదు. లోపల పలుచని నూలు తొడుగు, మార్చుకొనుటకు రెండవ జత, నీడగల పాక, ఉదయపు వేళ పని, త్రాగు నీరు — ఇవి లేక తొడుగు నిలువదు. వైద్యులు వాడు పలుచని తొడుగు సూదిని ఆపదని కూడ ఎరుగవలెను.

తొడుగుకన్న పద్ధతి మేలు. సంచిని చేత నొక్కి చూడరాదు, తొడకు ఆనించి మోయరాదు. నడుమెత్తు బల్లపై కుమ్మరించి, దంతెతో పరచి, పట్టుకారుతో ఏరవలెను. అపుడు కన్ను ముందు పోవును, చేయి వెనుక పోవును. దుమ్ము లేచునెడ నీరు చిలుకరించి, గాలికి వీపు పెట్టి నిలువవలెను. మరుగుదొడ్డి కడుగు ఆమ్లమును బ్లీచింగు పొడిని కలియనిచ్చినచో క్లోరిను వాయువు పుట్టును గనుక ఆ సీసాలు దూరముగా ఉండవలెను. ఎలుకలు తిరిగిన తడిచెత్తను పుండున్న చేతితో తాకరాదు. భోజనమునకు ముందు సబ్బునీరు తప్పదు.

ఇక మన ఇంటి సంగతి. ఒక దళసరి ప్లాస్టిక్ సీసాను మూతతో అటకపై ఉంచుడు. సూదులు, బ్లేడులు అందులోనే పడవలెను. నిండినపుడు మూత బిగించి, పైన “సూదులు” అని వ్రాసి, పొడిచెత్తలో కలుపక బండివాని చేతికి విడిగా ఇచ్చి, ఏమిచ్చుచున్నారో నోట చెప్పుడు. పగిలిన గాజును నాలుగు మడతల కాగితములో చుట్టుడు. బహిష్టు గుడ్డలను కాగితమున చుట్టి ఎఱ్ఱని చుక్క పెట్టుట పుణె నగరమున వాడుకలోనికి వచ్చిన పద్ధతి. చుక్క చూచినవారు పొట్లము విప్పరు.